అబార్షన్ చర్చలో దూషణ చేసే పని

క్లుప్తంగా: అబార్షన్ గురించి, స్త్రీవాదం గురించి జరిగే చర్చలో దూషణకు ఒక కచ్చితమైన పని ఉంది. చట్టం గురించో వైద్యం గురించో వేసిన ప్రశ్నను పక్కకు నెట్టి, దాని స్థానంలో ఒక స్త్రీ గుణగణాలను విచారణకు పెడుతుంది. అమెరికాలో 2012 నాటి ఉదంతం, ఐర్లండ్ 2016-18 అనుభవం, మన కోర్టుల్లో 2022-23 కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పని ఎలా సాగుతుందో, ఎక్కడ సాగదో తెలుస్తుంది. భారత చట్టం వారాల లెక్క మీద నడుస్తుంది. అందుకే నలుగురి నోళ్లలో పడతామన్న భయం ఇక్కడ రోజుల నష్టంగా మారి, ఆ నష్టం గర్భవతి ఆరోగ్యం మీద పడుతోంది.

మందు ఖర్చు నుంచి మనిషి మీదికి

2012 ఫిబ్రవరిలో అమెరికాలో వాదన అంతా బీమా చుట్టూ తిరిగింది. గర్భనిరోధక మందుల ఖర్చును ఆరోగ్య బీమా భరించాలన్న కొత్త నిబంధన మత సంస్థలు నడిపే విద్యాలయాలకు, ఆసుపత్రులకు వర్తించాలా అన్నది ప్రశ్న. ఫిబ్రవరి 16న ప్రతినిధుల సభ కమిటీ దీనిపై విచారణ జరిపింది. మొదటి వరుసలో సాక్ష్యం చెప్పినవాళ్లంతా పురుషులే. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ లా విద్యార్థిని శాండ్రా ఫ్లూక్‌ను సాక్షిగా పిలవాలన్న ప్రతిపాదనను కమిటీ ఛైర్మన్ డారెల్ ఐసా తోసిపుచ్చారు. వారం తర్వాత, ఫిబ్రవరి 23న, డెమొక్రటిక్ సభ్యులు విడిగా ఏర్పాటు చేసిన సమావేశంలో ఆమె మాట్లాడారు.

ఆమె చెప్పిన విషయాలు పొడిపొడిగానే ఉన్నాయి. బీమా లేకపోతే లా చదువు పూర్తయ్యేలోపు గర్భనిరోధక మందులకు 3,000 డాలర్లకు పైగా ఖర్చవుతుందన్నారు. అండాశయంలో నీటితిత్తుల సమస్య ఉన్న స్నేహితురాలికి అవే మాత్రలు చికిత్సగా అవసరమైనా బీమా ఇవ్వలేదని, చివరికి ఆమె ఒక అండాశయం పోగొట్టుకుందని వివరించారు.

ఫిబ్రవరి 29న రేడియో వ్యాఖ్యాత రష్ లింబా ఆమెను తిరుగుబోతు, వేశ్య అనే అర్థమొచ్చే మాటలతో తిట్టారు. మర్నాడు ఆమె శృంగార వీడియోలు కూడా చూపించాలనే దాకా వెళ్లారు. మార్చి 2న అధ్యక్షుడు ఒబామా ఆమెకు ఫోన్ చేశారు. ప్రకటనదారులు ఒకరి తర్వాత ఒకరు తప్పుకోవడం మొదలైంది. మార్చి 3న లింబా రాతపూర్వకంగా క్షమాపణ చెప్పారు. వాడిన పదాలు సరైనవి కావన్నారే గాని వాదన మాత్రం మార్చుకోలేదు.

ఈ ఉదంతంలో తిట్టు కంటే తిట్టు వెనకున్న లెక్క ఎక్కువ గమనించదగ్గది. ఎంత ఎక్కువ శృంగారమైతే అన్ని ఎక్కువ మాత్రలు కావాలన్నట్టు ఆ వాదన సాగింది. గర్భనిరోధక మాత్ర అలా పనిచేయదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పట్టీనే తీసుకోండి: అందులో 28 మాత్రలుంటాయి, 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు. నెలలో భర్తతో ఒక్కసారి కలిసినా, అసలు కలవకపోయినా రోజుకొకటి వేసుకోవాల్సిందే. ఖర్చుకూ నడవడికకూ ముడి లేదు. రెండో పొరపాటు, ఆ డబ్బు పన్ను చెల్లించేవాళ్లదన్న మాట. ఫ్లూక్ మాట్లాడింది విద్యార్థులు ప్రీమియం కట్టి తీసుకునే ప్రైవేటు బీమా గురించి. ఈ రెండు తప్పులూ ఒక్క నిమిషంలో సరిదిద్దగలిగినవి. కానీ తిట్టు పడగానే దేశమంతా ఆ పదం గురించీ, క్షమాపణ గురించీ, ప్రకటనల గురించీ మాట్లాడింది. బీమా ప్రశ్న వెనక్కి పోయింది. దూషణ ఫలించడమంటే ఇదే: జనం దాన్ని ఖండిస్తున్నప్పుడు కూడా చర్చ దూషించినవాడు ఎంచుకున్న చోటే జరుగుతుంది.

ఈ పద్ధతికి పునాది అంతకు చాలా ముందే పడింది. వివాదాస్పద అంశాలపై భిన్న పక్షాలకు చోటివ్వాలని ప్రసార సంస్థలను కట్టడి చేసే నియమాన్ని అమెరికా 1987లో ఎత్తేసింది. 1988లో లింబా కార్యక్రమం దేశవ్యాప్త ప్రసారంలోకి వచ్చింది. స్త్రీవాదులను నాజీలతో కలిపి కుట్టిన ‘ఫెమినాజీ’ అనే మాటను ఊరూరా పాకించింది ఆయనే. వీలైనన్ని ఎక్కువ అబార్షన్లు జరగాలని కోరుకునే స్త్రీవాది అని ఆ మాటకు అర్థం చెప్పారు. నిజానికి స్త్రీవాదులు అడిగింది నిర్ణయాధికారం. అబార్షన్ల సంఖ్య పెరగాలని కాదు. అడిగినదాన్ని మార్చేసి, మార్చినదాన్ని ద్వేషించమనడం ఆ పదంలోనే ఇమిడి ఉంది. ఇవాళ తెలుగు వ్యాఖ్యల్లో కూడా అది యథాతథంగా కనిపిస్తోంది, ఏ దేశపు ఏ గొడవలోంచి వచ్చిందో వాడేవాళ్లకు తెలియకుండానే.

తెలియనితనం కూడా అవమానమే అయినప్పుడు

అదే ఏడాది ఆగస్టు 19న మిస్సోరీ రాష్ట్రం నుంచి అమెరికా సెనేట్‌కు పోటీ చేస్తున్న టాడ్ ఏకిన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, ‘నిజమైన’ అత్యాచారమైతే గర్భం రాకుండా స్త్రీ శరీరమే చూసుకుంటుందన్న అర్థంలో మాట్లాడారు. ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. గొంతు కూడా లేవలేదు. అయినా గర్భం వచ్చిన బాధితురాలు అబద్ధం చెబుతోందన్న నింద అందులో ఉంది. 1996లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, గర్భధారణ వయసులో ఉన్న బాధితుల్లో అత్యాచారం వల్ల గర్భం వచ్చే రేటు సుమారు 5 శాతం. సమాచారం అప్పటికే పదహారేళ్లుగా అందుబాటులో ఉంది. ఏకిన్ ఆ ఎన్నికలో క్లేర్ మెకాస్కిల్ చేతిలో దాదాపు 16 పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

దూషణను పదాల జాబితాతో పట్టుకోలేమనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అవతలి వైపు కూడా

ఇదంతా ఒక పక్షం చేసేదే అనుకుంటే పొరపాటు. 2008 సెప్టెంబరులో సౌత్ కరోలినా డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షురాలు కారల్ ఫౌలర్, రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్‌కున్న ముఖ్య అర్హత ఆమె అబార్షన్ చేయించుకోకపోవడమేనన్నట్టు మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పారు. గవర్నర్‌గా పనిచేస్తున్న స్త్రీని ఆమె గర్భానికి కుదించిన మాట అది, అన్నది ఇంకో స్త్రీ. వ్యంగ్య కార్యక్రమం నడిపే బిల్ మార్ కూడా పేలిన్‌ను నీచమైన మాటలతో తిట్టారు. లింబా మీద ఆగ్రహించినవాళ్లు మార్‌ను ఎందుకు వదిలేశారన్న ప్రశ్న 2012 మార్చిలో గట్టిగా వచ్చింది. ఆ ప్రశ్న న్యాయమైనది. తమ పక్షం వాడి నోటిని ఉపేక్షించే అలవాటే అవతలి పక్షం నోటికి లైసెన్సు అవుతుంది.

అభిప్రాయానికీ దూషణకూ మధ్య గీత

‘అబార్షన్ అంటే ఒక ప్రాణాన్ని తీయడమే’ అనడం దూషణ కాదు. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే నైతిక వైఖరి అది. కఠినంగా చెప్పినా వైఖరే. ‘స్త్రీ శరీరంపై రాజ్యానికి హక్కు లేదు’ అనడమూ అలాంటిదే. ఈ రెండింటికీ జవాబు ఇవ్వవచ్చు, ఆధారాలు అడగవచ్చు. ‘అబార్షన్ చేయించుకునేవాళ్లు బరితెగించినవాళ్లు’ అనేదీ, ‘అబార్షన్‌ను వ్యతిరేకించే ఆడవాళ్లకు సొంత బుర్ర లేదు’ అనేదీ వేరే కోవలోవి. వాటికి జవాబు చెప్పాలంటే ముందు తన శీలాన్నో తెలివినో రుజువు చేసుకోవాలి. గీత అక్కడుంది: మాట వాదన మీదికి వెళ్తోందా, వాదించే మనిషి మాట్లాడే అర్హత మీదికి వెళ్తోందా?

ఇక్కడ మర్యాద పేరుతో జరిగే ఇంకో మోసం కూడా ఉంది. ఆవేశంగా, ఏడుపు గొంతుతో, కోపంగా మాట్లాడిన స్త్రీని ‘ముందు పద్ధతిగా మాట్లాడు’ అని ఆపేయడం. కోపం దూషణ కాదు. సౌమ్యమైన గొంతుతో అన్న ‘ఇంతకీ తండ్రెవరు?’ అనేది దూషణ.

ఐర్లండ్‌లో వేరే ఏర్పాటు

ఐర్లండ్ 1983 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, గర్భస్థ శిశువు ప్రాణహక్కు తల్లి ప్రాణహక్కుతో సమానమని రాజ్యాంగంలో రాసుకుంది. ఆ ప్రచారం చేదుగా సాగింది. 2012 అక్టోబరు 28న గాల్వే విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ చనిపోయారు. వయసు 31, గర్భం 17 వారాలు. గర్భస్రావం తప్పదని తేలాక అబార్షన్ చేయమని ఆ దంపతులు అడిగారు. పిండం గుండె కొట్టుకుంటున్నందున చేయలేదు. ఇన్ఫెక్షన్ రక్తానికి పాకింది. ఇది క్యాథలిక్ దేశమని తాను అన్నమాట నిజమేనని ఒక నర్సు 2013 ఏప్రిల్‌లో మరణ విచారణలో ఒప్పుకున్నారు. అవమానించాలన్న ఉద్దేశంతో అన్నది కాకపోవచ్చు. కానీ వైద్య సలహా రావలసిన చోట ఆ మాట వచ్చింది.

2016లో అక్కడి ప్రభుత్వం పౌర సభను ఏర్పాటు చేసింది. ఛైర్‌పర్సన్‌గా న్యాయమూర్తి మేరీ లాఫోయ్, సభ్యులుగా వయసు, లింగం, ప్రాంతం చూసి యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 99 మంది మామూలు పౌరులు. 2016 నవంబరు నుంచి 2017 ఏప్రిల్ వరకు ఐదు వారాంతాలు ఈ ఒక్క అంశంపై కూర్చున్నారు. పద్ధతి ఇలా ఉండేది: ముందు వైద్యులు, న్యాయ నిపుణులు, తర్వాత రెండు పక్షాల వాదులు మాట్లాడతారు. ఆపై సభ్యులు చిన్న చిన్న బల్లల చుట్టూ చర్చించుకుంటారు. ప్రతి బల్ల దగ్గరా మాట అందరికీ దక్కేలా చూసే ఒక సమన్వయకర్త. ప్రసంగాలు ప్రత్యక్ష ప్రసారమయ్యాయి, బల్లల దగ్గరి సంభాషణ ప్రసారం కాలేదు. స్వానుభవం ఉన్న ఆరుగురు స్త్రీల మాటలను పేర్లు లేకుండా ముందే రికార్డు చేసి వినిపించారు.

దూషణకు అక్కడ చోటు తగ్గడానికి కారణం ఆ 99 మంది మంచితనం ఒక్కటే కాదు, ఏర్పాటులోనే ఉంది. ఎదుటివాణ్ణి ఓడిస్తే చప్పట్లు కొట్టే ప్రేక్షకులు బల్ల దగ్గర లేరు. వచ్చే వారాంతం మళ్లీ అదే మనిషి పక్కన కూర్చోవాలి. చివర ఓటు వేయాల్సింది రాసి ఉన్న నిర్దిష్టమైన ప్రశ్న మీద. అనుభవం చెప్పిన స్త్రీల ముఖం, ఊరు ఎవరికీ తెలియవు గనుక మాటలు పడాల్సిన మనిషే అక్కడ లేదు, విషయం మాత్రమే ఉంది. ఫ్లూక్‌కు దక్కనిది ఇదే.

2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం మంది ఆ రాజ్యాంగ అధికరణ తొలగింపునకు ఓటేశారు. ప్రచారమంతా మర్యాదగా సాగిందని కాదు. వీధి పోస్టర్ల మీద, సామాజిక మాధ్యమాల్లో పరుషమైన మాటలు, బొమ్మలు చాలానే కనిపించాయి. మే 8న విదేశాల నుంచి వచ్చే ప్రకటనలను ఫేస్‌బుక్ ఆపింది, మర్నాడు గూగుల్ ఈ అంశంపై మొత్తం ప్రకటనలనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయితే అప్పటికి వైద్యపరమైన వాస్తవాలు, చట్టపరమైన ప్రత్యామ్నాయాలు ప్రజల ముందుకు వచ్చేసి ఉన్నాయి.

మన చట్టం, మన గందరగోళం

భారతదేశంలో అబార్షన్ చట్టం పోరాటాల నుంచి రాలేదు. అసురక్షిత పద్ధతుల వల్ల స్త్రీలు చనిపోతున్నారన్న ఆందోళనతో 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, 1971లో పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి చట్టం చేసింది. 2021 సవరణ తర్వాత లెక్క ఇలా ఉంది: 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో పేర్కొన్న వర్గాల స్త్రీలకు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. 24 దాటితే పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారించాలి. తల్లి ప్రాణాపాయంలో ఉంటే ఈ పరిమితులు వర్తించవు. 18 నిండి, మానసిక అస్వస్థత లేని స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగదు, ఆసుపత్రులు అడుగుతాయి. ఆ తేడా తెలియక వెనక్కి వెళ్లిపోయేవాళ్లున్నారు.

తెలుగునాట గందరగోళం ఎక్కువగా ఇంకో చట్టంతో వస్తోంది. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. స్కానింగ్ సెంటర్ల గోడల మీద కనిపించే బోర్డులు దాని గురించినవే. కానీ ఏళ్ల తరబడి ‘భ్రూణహత్య’ అన్న ఒకే మాట రెండిటికీ వాడటంతో, చట్టబద్ధమైన అబార్షన్ కూడా నేరమేనన్న అభిప్రాయం పాతుకుపోయింది. లింగనిర్ధారణ ముఠా మీద దాడి వార్త కింద, పిండలోపం వల్ల అబార్షన్ చేయించుకున్న తల్లిని హంతకురాలనే వ్యాఖ్యలు రావడానికి ఈ కలగలుపే కారణం.

‘ఇన్నాళ్లూ ఏం చేసింది?’

వార్తల కింద అన్నిటికంటే ఎక్కువగా కనిపించే దెప్పిపొడుపు ఇది. దీనికి జవాబు లెక్కలో ఉంది. గర్భం వయసు చివరి నెలసరి మొదటిరోజు నుంచి లెక్కిస్తారు. నెలసరి తప్పిన రోజుకే లెక్కలో నాలుగు వారాలు అయిపోతాయి. పిండం అవయవాలను వివరంగా చూసే స్కానింగ్ చేసేది 18-20 వారాల మధ్య. అందులో అనుమానం వస్తే ఉమ్మనీటి పరీక్ష. పూర్తి ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఒక్కరోజు కూడా అలసత్వం చూపని దంపతులు సైతం 23వ వారంలో నిలబడి ఉంటారు. నెలసరి సక్రమంగా రానివాళ్లు, పాలిస్తున్న తల్లులు గర్భాన్ని ఆలస్యంగా గుర్తించడం వైద్యులకు కొత్త కాదు.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకు చేరింది అలాంటి కేసే. 27 ఏళ్ల వివాహిత, ఇద్దరు పిల్లల తల్లి, పాలిస్తున్నందున నెలసరి రాక గర్భం తెలియలేదు, ప్రసవానంతర మానసిక వ్యాధికి మందులు వాడుతున్నారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మొదట అనుమతించింది. తర్వాత అదే ధర్మాసనంలోని జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ బి.వి. నాగరత్న భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం గర్భం 26 వారాలు దాటిందని నిరాకరించింది. తీర్పుతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. జస్టిస్ నాగరత్న మాత్రం ఆమె నిర్ణయాన్ని గౌరవించాలన్న చోటినుంచే మాట్లాడారు.

అన్ని కోర్టుగదుల్లోనూ అలా జరగలేదు. 2023 జూన్‌లో గుజరాత్ హైకోర్టులో పదిహేడేళ్లు నిండని అత్యాచార బాధితురాలి పిటిషన్ విచారణలో, పూర్వం ఆడపిల్లలు 17 ఏళ్లకే తల్లులయ్యేవారంటూ మనుస్మృతి ప్రస్తావన వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అదే కోర్టు ఇంకో బాధితురాలి కేసును 12 రోజులు వాయిదా వేసింది. విలువైన సమయం పోయిందని సుప్రీంకోర్టు శనివారం ప్రత్యేకంగా కూర్చుని ఆక్షేపించి, ఆగస్టు 21న అబార్షన్‌కు అనుమతించింది. అప్పటికి గర్భం దాదాపు 28 వారాలు. గర్భం కేసులో వాయిదా అంటే సగం తీర్పు ఇచ్చేసినట్టే.

2022 సెప్టెంబరు 29 తీర్పు దీనికి భిన్నమైన దారి వేసింది. 25 ఏళ్ల అవివాహితకు ఢిల్లీ హైకోర్టు నిరాకరించిన అబార్షన్ అనుమతిని సుప్రీంకోర్టు జులైలోనే మధ్యంతర ఉత్తర్వుతో ఇచ్చి, తర్వాత పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అన్న తేడా 20-24 వారాల నిబంధనలో చెల్లదని చెప్పింది. అబార్షన్ చట్టం వరకు అత్యాచారం అంటే భర్త చేసినది కూడా అని తేల్చింది. తీర్పు వచ్చాక తెలుగులో సాగిన చర్చలో చాలా భాగం ‘పెళ్లికాని పిల్లలకు లైసెన్సు’ అన్న మాట చుట్టూ తిరిగింది. చట్టంలో 2021లోనే ‘వివాహిత’, ‘భర్త’ అన్న పదాలు పోయి ‘ఏ స్త్రీ అయినా’, ‘భాగస్వామి’ అన్నవి వచ్చాయన్న సంగతి అంతగా వినిపించలేదు.

మాట పడతామన్న భయం ఎక్కడికి దారితీస్తుంది? భయపడ్డ మనిషి ఊరి ఆసుపత్రికి పోదు, మందుల షాపుకు పోతుంది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం 2015లో దేశంలో 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మందులతోనే జరిగాయని అంచనా వేసింది. మన నిబంధనల్లో ఈ మందులకు హద్దు 9 వారాలు. డాక్టరు చూడకుండా వేసుకుంటే మూడు చోట్ల తేడా రావచ్చు: వారాలు తప్పుగా లెక్కించడం, గర్భం గర్భాశయం బయట ఉందని తెలియకపోవడం, కొంత భాగం లోపల మిగిలి రక్తస్రావం ఆగకపోవడం. రెండోది ప్రాణాంతకం. అప్పటికైనా ఆసుపత్రికి రావడానికి సంకోచించేది మళ్లీ అదే భయంతో.

తెలుగులో కూడా కొత్త కాదు

1980ల చివర, 90ల మొదట్లో తెలుగులో స్త్రీవాద కవయిత్రులు ప్రసవం, అబార్షన్, పడకగది హింస గురించి నేరుగా రాసినప్పుడు, దాన్ని ‘నీలి కవిత్వం’ అని ఈసడించారు. కవిత బాగుందా, చెప్పింది నిజమా అన్నది విమర్శ. నీలి అన్నది మాత్రం రాసిన మనిషి మీద పడే ముద్ర. 1993లో వెలువడిన స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’ అన్న పేరుతోనే వచ్చింది.

వార్త రాసేచోట, వ్యాఖ్యలు వడబోసేచోట

బూతు పదాల జాబితా పెట్టుకుని వడబోస్తే రెండు లోపాలు వస్తాయి. రోమన్ లిపిలో రాసిన తెలుగు తిట్లు రకరకాల స్పెల్లింగులతో తప్పించుకుంటాయి. బూతు లేని అవమానం అసలు దొరకదు. ‘ఇన్నాళ్లూ ఏం చేసింది?’, ‘తండ్రెవరు?’, ‘చదివించినందుకు ఇదా?’ లాంటి ప్రశ్నల రూపం మనిషి కళ్లతో చూస్తే తప్ప తెలియదు. అందుకే ఇలాంటి వార్తకు మొదటి కొన్ని గంటలు మనిషి పర్యవేక్షణ ఉండాలి, లేదా వ్యాఖ్యలు మూసేయాలి.

వార్తలో గర్భం వారాలు చెప్పినప్పుడు ఆలస్యానికి వైద్య కారణం ఉంటే అదే వాక్యంలో చెప్పాలి, ఆరో పేరాలో కాదు. లింగనిర్ధారణ కేసైతే ఆ మాటే రాయాలి, ‘అక్రమ అబార్షన్’ అని వదిలేయకూడదు.

గుర్తింపు విషయంలో చట్టం స్పష్టం. గర్భవిచ్ఛిత్తి చట్టం 5ఎ సెక్షన్ ప్రకారం, అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలను డాక్టరు చట్టం అనుమతించినవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో అన్న మాటకు 79వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు. మైనర్ల విషయంలో డాక్టరు పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు. అయితే మైనరు, సంరక్షకులు కోరితే పేరు, వ్యక్తిగత వివరాలు అందులో ఇవ్వనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది.

పేరు మార్చితే చాలనుకోవడం దగ్గరే ఎక్కువ వార్తలు తప్పుతున్నాయి. మండలం పేరు, భర్త ఉద్యోగం, పిల్లల వయసులు, ఆసుపత్రి ఫొటో కలిపి ఇస్తే ఊళ్లో ఆమెను పోల్చుకోవడానికి పేరు అవసరం లేదు. జిల్లా వరకు చెప్పి, వృత్తులు, పిల్లల వయసులు తీసేసి, ఆసుపత్రి బోర్డు కనిపించని ఫొటో వాడితే వార్తకు లోటేమీ రాదు.